దొర కారు, మల్సూరు తాడు

నైజాం రాజ్యం ఆఖరి రోజులు. చిలుకూరు దొర కారు ఇంజన్ చెడిపోయి ఏడాదైంది. దొర కాలికి మట్టి అంటితే కొంపలు మునుగుతాయి కదా! కోదాడ పోవాలన్నా కారుకు తాళ్లు కట్టి వెట్టివాళ్లు గుంజాల్సిందే. ముందు తాడు మల్సూరుది. ఆ తాడు ఒరిపిడికి వాడి భుజం మీద పుండు మానిందే లేదు.

అందుకే సూర్యాపేట నుంచి కరీం మేస్త్రి వచ్చి, దొర ఉండే గడి కొట్టంలో ఇంజన్ దించి విప్పితే, మల్సూరు పిలవకుండానే వెళ్లి కూర్చున్నాడు. పిస్టన్లను కిరోసిన్‌లో కడిగాడు. అరచేతులు బొబ్బలెక్కేదాకా వాల్వులు నూరాడు. కన్నబిడ్డకైనా అంత ఒళ్లు రుద్ది నీళ్లు పోసి ఉండడు.

ఇంజన్‌ను తిరిగి కారులో బిగించి మేస్త్రి హ్యాండిల్ తిప్పాడు. అది దగ్గి, అందుకుంది.

"బతికినం మేస్త్రీ!" అని మల్సూరు ఏడ్చేశాడు.

దొర వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, పాట విన్నట్టు కాసేపు విన్నాడు.

"మస్తుగున్నది. ఇగ బంద్ చెయ్."

మేస్త్రి తెల్లబోయాడు. "నడిపి సూడరా దొరా?"

"గింత మంచిగైన ఇంజన్, రోజు నడిపితే అరిగిపోదా?" దొర మల్సూరు వైపు తిరిగాడు. "నువ్వు మస్తు కష్టపడ్డవటగదర! తాడు పట్టు, కోదాడ పోవాలె."

మిగతా వెట్టివాళ్లతో పాటు మల్సూరు తాడును పుండు మీదికి ఎత్తుకుని ముందుకు వంగాడు. ఇంజన్ కొట్టంలో ఉన్నన్నాళ్లు తేలికై, దొర ఎక్కినా ఒక్క ఊపుకే కదిలిన కారు ఈసారి ఆ ఊపుకు కదల్లేదు. వాడు తోమి మెరిపించిన ఇనుమంతా అందులోనే ఉంది.