లేదని రాసే ఉద్యోగం

ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే కొండెక్కి పెంటికలు, వెంట్రుకలు, చెట్ల మీద గోళ్ల గీతలు వెతికి, మధ్యాహ్నానికి క్వారీ ఆఫీసుకొచ్చి రిపోర్టు రాస్తుంది. యూనివర్సిటీలో వన్యప్రాణుల సంరక్షణ చదివింది మరి. ఏం చదువో ఏం ఖర్మో, కలిసి చదివినవాళ్లలో ఒకడు జూలో టికెట్లు చింపుతున్నాడు, ఒకామె కనబడ్డవాళ్లందరికీ బీమా అంటగడుతోంది. ఈమెకి మాత్రం అక్క మొగుడి పుణ్యమా అని చదివినదానికి తగ్గ ఉద్యోగమే దొరికింది. అదే క్వారీలో టిప్పర్ నడిపే బావ, మేనేజరు కాళ్లావేళ్లా పడి వేయించాడు. అందుకే ఆమె నోరు మూసుకుని చాలానే భరించింది.

ఈ చదువు చదివినవాళ్లు సర్వే చేసి, ఫలానాది లేదని రాసి సంతకం పెడితే, అది నిజంగానే లేకుండా పోతుంది. ఇది అందరికీ తెలిసిందే. క్లాసు మొదలైన రోజే ప్రొఫెసరు అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. కంటపడకపోతే కనబడలేదని రాసి ఊరుకోండి, లేదని రాశారో చేతులు విరగ్గొడతానన్నాడు. అయినా ఆమె సీనియర్ ఒకడు, పైవాళ్లు గట్టిగా అడిగేసరికి, ఏట్లో నీటికుక్కలు లేవని రాసిపారేశాడు. సంతకం పడగానే ఒక్కటీ లేదు. ఒడ్డున బట్టలుతుకుతున్నవాళ్లు కాసేపు నీళ్లకేసి చూసి మళ్లీ పనిలో పడ్డారు. వాడికి ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

ఆవేళ మేనేజరు పిలిచాడు. బల్ల మీద ఆమె రాసిన రిపోర్టే ఉంది. పిల్లని వీపు మీద మోసుకుంటూ బండల వెనక్కి వెళ్లిన ఎలుగుబంటిని కళ్లారా చూశానని రాసిందందులో. క్వారీని అటువైపుకి పెంచాలంటే ఎలుగుబంటి ఉండకూడదట. మార్చి రాయమన్నాడు. రాయకపోతే రేపట్నుంచి ఆమే కాదు, బావ కూడా రానక్కర్లేదని టీ తాగుతూనే చెప్పాడు.

"ఎటో వెళ్లిపోతుందిలేమ్మా" అన్నాడు.

"వెళ్లిపోదు సార్. ఉండదు."

"అయితే మరీ మంచిది."

ఆ మాటతో ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికే బావని కూడా పిలిపించారు. గుమ్మం దగ్గర నిలబడి ఆమె మొహంకేసి చూడకుండా, సంతకం పెట్టేయమ్మా, ఇంట్లో పిల్లలున్నారు కదా అన్నాడు.

"దానికీ ఉంది బావా, పిల్ల."

ఈ మనుషులందరి మీదా, వీళ్ల జీతానికి ఆశపడ్డ తన మీదా అసహ్యం వేసింది. కాగితం లాక్కుని, కొండంతా తిరిగి చూశాననీ, దీని మీద క్వారీ లేదనీ రాసింది. చిరుగుపడేంత గట్టిగా సంతకం పెట్టింది.

కంకర మిషను మోత ఆగిపోయింది. ముగ్గురూ గడ్డిలో నిలబడి ఉన్నారు. ఆఫీసు లేదు, తవ్విన గుంటలు లేవు, చుట్టూ తుప్పలూ బండలూ తప్ప ఏమీ లేదు. మేనేజరు చేతిలో టీ కప్పు ఒక్కటే మిగిలింది. అది వాళ్లింటి నుంచి తెచ్చుకున్నది.

"ఉందని రాయి" అన్నాడు. "ఇప్పుడే రాయి."

"ఉన్నదాన్ని లేకుండా చెయ్యడం వరకే సార్. లేనిదాన్ని తీసుకురావడం మా చదువులో లేదు. ఉంటే నీటికుక్కల్ని తెచ్చుకునేదాన్ని."

బావ అటూ ఇటూ తిరిగి టిప్పర్ కోసం వెతికాడు. దొరకలేదు. తిట్టి ఉంటే ఆమెకి తేలికయ్యేది. కిందకి దిగుతూ సగం దారిలో ఆగి, మీ అక్కకి నువ్వే చెప్పుకో అన్నాడు.

సరేనంది. అతని వెనకే దిగుతూ ఏం చెప్పాలో వెతుక్కుంది, కానీ నోట్లోకి తిట్లు తప్ప ఏమీ రాలేదు.