గడప దాటిన నల్లబూట్లు

మా ఇంట్లో చట్టం ఒక్కటే. చెప్పులు గుమ్మం బయటే. చట్టం చేసింది నేనే, కాపలా కాసేదీ నేనే. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషైనా, మా బావమరిదైనా, చివరికి నాకు పని చూపించే మేస్త్రీ అయినా సరే, బయట విడిచి రావలసిందే.

నేను నేలకు పాలిష్ పట్టేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా జనం ఇళ్లలో మోకాళ్ల మీద పాకుతూ బతుకుతున్నాను. గరుకు రాయితో మొదలుపెట్టి నున్న రాయి దాకా ఏడుసార్లు మిషను తిప్పితే గానీ నేలకు కళ రాదు. పరాయి ఇళ్లకు ఏడు. మా ఇంటికి పదకొండు తిప్పాను. మా ముందుగదిలో నిలబడి కిందికి చూస్తే, పైనున్న ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఇది ఇల్లా, అద్దమా? గోడ పట్టుకుంటే తప్ప నడవలేకపోతున్నాను" అని మా ఆవిడ సణుగుతూ ఉంటుంది. ఆవిడకేం తెలుసు పనితనం అని నేను పట్టించుకోను.

ఇలా ఉండగా మా అమ్మాయి ఒక అబ్బాయిని ఇష్టపడింది. బుద్ధిమంతుడు. మొదటిసారి వచ్చిననాడే బూట్లు విప్పి, సాక్సులు విప్పి, వాటిని మడిచి బూట్లలో పెట్టాడు. అక్కడే నేను పడిపోయాను. ఇక వాళ్ల నాన్న వచ్చి, మమ్మల్ని చూసి, సరే అనడమే మిగిలింది. తల్లి లేని పిల్లవాడు, తండ్రి మాట దాటడు. ఆయన మొహం చిట్లించాడంటే ఇక అంతే సంగతులు.

ఆయనది గడియారాలు బాగుచేసే దుకాణం. "నాన్నా, ఆ ఒక్క పూటకీ చెప్పుల గొడవ ఎత్తకు" అంది అమ్మాయి ముందురోజు. ఎందుకే అంటే చెప్పలేదు. సరేలే అన్నాను. పెద్దమనిషి, ఆయనకు వేరే చెప్పాలా అని నా ధీమా.

ఐదింటికి వస్తానన్నాడు, సరిగ్గా ఐదింటికి గుమ్మంలో ఉన్నాడు. బయట అప్పుడే వాన వెలిసింది. నున్నగా దువ్విన తల, మడత నలగని ప్యాంటు, నిగనిగలాడే నల్లబూట్లు. నేను చెప్పుల స్టాండు పక్కనే నిలబడి, "రండి బావగారూ" అంటూ స్టాండు వైపు చూశాను. ఆయనా చూశాడు.

"మంచి స్టాండు" అన్నాడు. అని, బూట్లతోనే లోపలికి నడిచాడు.

అదైనా గబగబా నడిచాడా అంటే, అదీ లేదు. ఆచితూచి, ఒక్కో అడుగూ కొలిచి పెట్టాడు. కిటికీ పక్క కుర్చీ దాకా పది అడుగులు, పది తడి ముద్రలు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆవిడ కాఫీ తెచ్చింది. "తీసుకోండి అన్నయ్యగారూ" అని ఆయనకిచ్చి, నాకు కళ్లతోనే వార్నింగ్ ఇచ్చింది. నేను ఊరుకుంటే కదా.

"మా ఇంట్లో అందరం బయటే విప్పుతామండీ" అన్నాను.

"మంచి అలవాటు" అన్నాడాయన.

"నేల భలే చల్లగా ఉంటుంది. పాదం ఆనిస్తే గానీ తెలీదు."

"చూస్తేనే తెలుస్తోందండీ."

అమ్మాయి రెండుసార్లు దగ్గింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లి గుడ్డ తెచ్చుకున్నాను. ఇంటికొచ్చిన మనిషి ఎదురుగానే మోకాళ్ల మీద కూర్చుని, గుమ్మం దగ్గరి నుంచి ఒక్కో ముద్రా తుడవడం మొదలుపెట్టాను. నాకు కోపం వస్తే ముందూ వెనకా కనిపించదు. తుడుస్తూ తుడుస్తూ ఆయన కుర్చీ దాకా వచ్చాను.

అప్పుడు చూశాను. కూర్చున్నాడు కాబట్టి ప్యాంటు కాస్త పైకి లేచి ఉంది. కుడి బూటు మామూలు బూటే. ఎడమ బూటు అడుగు మాత్రం మూడు వేళ్ల మందం.

నాకు తల కొట్టేసినట్టయింది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. తల ఎత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. కాఫీ కప్పు కింద పెట్టేశాడు, కుర్చీ చేతుల మీద బలం ఆనించి లేవబోతున్నాడు. ఆ లేవడం వెళ్లిపోవడానికే. మా అమ్మాయి మొహం తెల్లబోయింది.

బయటికి పరుగెత్తి, నా పని బూట్లు తొడుక్కున్నాను. నెలరోజుల సిమెంటు మడ్డి ఎండిపోయి ఉంది వాటికి. వాటితోనే గడప దాటి, గది మధ్యలోంచి నడిచి వచ్చి, ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

"అయ్యో, మీకేమొచ్చిందండీ ఇవాళ" అంది మా ఆవిడ.

ఆయన నా బూట్లు చూశాడు, నన్ను చూశాడు, మెల్లిగా మళ్లీ కూర్చున్నాడు.

"చూసేశారన్నమాట" అన్నాడు.

"చూశాను బావగారూ. సిగ్గుగా ఉంది."

"పుట్టుకతోనే ఈ కాలు రెండంగుళాలు పొట్టి. బూటుంటే ఎవరికీ తెలీదు. విప్పితే కుంటుతాను. ఎక్కడైనా కుంటచ్చు గానీ, మీ అద్దం మీద కుంటితే వచ్చి మీ ఒళ్లో పడతాను. మొదటి రోజే వియ్యంకుడి ఒళ్లో కూర్చుంటే బాగుంటుందా చెప్పండి."

అందరం నవ్వాం. కానీ పిల్లల సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. "వచ్చే ఆదివారం వస్తాను, అప్పుడు చెబుతాను" అని, వచ్చినట్టే ఆచితూచి నడిచి వెళ్లిపోయాడు.

"ముందే చెప్పచ్చుగా" అన్నాను అమ్మాయితో.

"ఎవరికీ చెప్పడం ఆయనకిష్టం ఉండదు నాన్నా. అందుకే గొడవ ఎత్తొద్దన్నాను" అంది. అని ఏడ్చేసింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్నే గరుకు రాయి, బకెట్టుతో నీళ్లు ముందేసుకుని కూర్చున్నాను. గుమ్మం నుంచి కిటికీ పక్క కుర్చీ దాకా, రెండడుగుల వెడల్పున, నా పదకొండు పాలిష్‌లూ చేత్తోనే గీకి పారేశాను. మా ఆవిడ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. "నేను అడిగితే మాత్రం చెవిన పెట్టరు" అంది. అనేసి తనే బకెట్టులో నీళ్లు మార్చి తెచ్చింది.

ఆదివారం ఐదింటికి ఆయన వచ్చాడు. నేను చెప్పులతోనే వీధిలోకి ఎదురెళ్లి తీసుకొచ్చాను. గుమ్మంలో ఆగి, ఆయన ఆ మసకబారిన పట్టీని ఇక్కడి నుంచి అక్కడిదాకా చూశాడు. స్టాండు పట్టుకుని వంగి, లేసులు విప్పుకుని, బూట్లు రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఉత్త కాళ్లతో, కుంటుతూ, గోడ పట్టుకోకుండా నడిచి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుంటూ నేనూ వెనకాలే వెళ్లాను.

ఆయన నా కాళ్ల వైపు చూశాడు.

"అదేంటి బావగారూ, మన ఇంట్లో చెప్పులేసుకుని తిరుగుతున్నారు? బయట విప్పి రండి. పెళ్లి ఎప్పుడు పెట్టుకుందామో మాట్లాడుకోవాలి" అన్నాడు.