ఊనా వద్దన్న జట్టు

కొవెంట్రీలోని ఐరిష్ క్లబ్బుకి చర్చిలో ఆదివారం పూజ అయ్యాక వచ్చినవాళ్ళెవరూ డొమినిక్ గిల్‌రేన్ కంట పడకుండా బయటికి పోలేరు. పడ్డారా, ఐర్లండులోని వాళ్ళ లీట్రిమ్ కథ వినాల్సిందే. అక్కడి వాన, అక్కడి బురద, ఆ బురదలో మోకాలిదాకా దిగబడి కూడా వాళ్ళ అన్న ఎడమకాలితో కొట్టిన గోలు. ఆయన ఇంగ్లండు వచ్చి యాభై ఏళ్ళు దాటింది. కార్ల ఫ్యాక్టరీలోనే జుట్టు నెరిసింది. అయినా ఆయన "మన ఊరు" అన్నాడంటే ఆ బురద ఊరే.

మనవరాలు ఊనా ఆయనకి పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేని పిల్ల. పదిహేడేళ్ళు వచ్చినా కొత్తవాళ్ళు పలకరిస్తే తల వంచుకుని బూట్ల వంక చూస్తుంది. ఆ బూట్లకి బంతి తగిలిందంటే మాత్రం ఎక్కడ లేని ధైర్యం వస్తుంది. నడక వచ్చినప్పట్నించీ ఇంటి వెనక సందులో తాతే నేర్పాడు. "ఆ ఎడమకాలు చూడండి. అచ్చం మా అన్నదే. రక్తం ఎక్కడికి పోతుంది?" అని సందు చివరిదాకా వినపడేట్టు అనేవాడు.

సెప్టెంబరులో ఒక శనివారం ఊనా ఆట చూడ్డానికి డబ్లిన్ నుంచి ఒకావిడ వచ్చింది. పేరు గ్రెటా నూన్. ఐర్లండ్ అమ్మాయిల జట్టు కోసం ఇంగ్లండంతా తిరిగి పిల్లల్ని వెతకడం ఆవిడ పని. ఆట అయిపోయాక చలికి చేతులు రుద్దుకుంటూ మైదానం అంచు గీత దగ్గరికొచ్చింది.

"బాగా ఆడావమ్మా. ఇంతకీ ఎవరి వైపు నుంచి నువ్వు మా పిల్లవి?"

ఊనా తాత వైపు వేలు చూపించింది.

"ఓహో, పెద్దాయనదేనా పుణ్యం! ఏ ఊరండీ?"

"లీట్రిమ్," అన్నాడు డొమినిక్, ఛాతీ ముందుకి పెట్టి.

"ఇంకేం! మీ పుట్టుక కాగితం, వాళ్ళ అమ్మది, పిల్లది పంపిస్తే మిగతాది నేను చూసుకుంటా. అమ్మమ్మో తాతో అక్కడ పుట్టి ఉంటే చాలు. సొంత రక్తం అయ్యుండాలి, అంతే. పెంచిన తాత, మారు తాత అంటే మావాళ్ళు ఒప్పుకోరు. పోయినేడు ఒక పిల్లవాడి విషయంలో అలాగే ఆఖరి నిమిషంలో తేలింది పాపం, వెక్కి వెక్కి ఏడ్చాడు." ఆవిడ మామూలుగానే చెప్పి నవ్వింది.

లీట్రిమ్ అనే మాట వినపడగానే గంట తగ్గకుండా మాట్లాడే మనిషి ఆ రోజు మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. "చలిగా ఉంది, పదవే," అని ఊనా సంచి తీసుకుని ముందు నడిచాడు.

వార్త క్లబ్బుకి తెలియడానికి ఒక్క పూట పట్టింది. బార్ వెనక ఉండే ప్యాకీ టాన్సీ వయసులో డొమినిక్ కన్నా చిన్నవాడే గాని నోరు మాత్రం ఊరంత.

"ఏమ్మా ఊనా, మన జాతీయగీతం ఈ కొవెంట్రీ యాసలోనే పాడతావా? పక్కనున్న పిల్లలు నవ్వాపుకోలేక గోలు వదిలేస్తారే!"

"దానికి మాటలన్నీ వచ్చురా," అంది ఊనా తల్లి బెర్నీ. "మా నాన్న నేర్పాడు. నీకొచ్చా చెప్పు ముందు?"

"నాకెందుకు రావు? మొదటి లైను బాగానే వచ్చు. తర్వాత పెదవులు కదిలిస్తా."

అందరూ నవ్వారు. ఎవరో డొమినిక్ వీపు మీద చరిచారు. "నీ జన్మ ధన్యమైంది పో పెద్దాయనా!" డొమినిక్ కూడా నవ్వాడు గాని ఆ నవ్వు పెదవుల మీదే ఉండిపోయింది. ఊనా ఒక్కతే అది చూసింది.

ఆ రాత్రి నుంచి ఆమెకి నిద్ర సరిగ్గా పట్టలేదు. కళ్ళు మూస్తే ఐర్లండు జట్టు ఆకుపచ్చ చొక్కా. వరసలో నిలబడి, భుజానికి భుజం ఆనించి, తాత నేర్పిన మాటలు పాడుతున్నట్టు. జీవితంలో తను గట్టిగా ఏదైనా కోరుకుందంటే అదొక్కటే. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని భయం.

రోజులు గడుస్తున్నాయి. కాగితం మాత్రం బయటికి రావడంలేదు.

"నాన్నా, ఆ పుట్టుక కాగితం తీశావా?"

"ఎక్కడో పెట్టానే. చూస్తా."

"నిన్నా ఇదే అన్నావు."

"నిన్న కూడా ఎక్కడో పెట్టే ఉంది మరి."

బెర్నీకి ముక్కు మీద కోపం. తలుపులు దబదబా వేసేది. డొమినిక్ టోపీ పెట్టుకుని కూరగాయల మడికి వెళ్ళిపోయేవాడు. రైలు కట్ట పక్కన మునిసిపాలిటీ వాళ్ళు అద్దెకిచ్చే మళ్ళలో ఆయనదొకటి. కొవెంట్రీలోనే పుట్టి పెరిగిన అమ్మమ్మ డోరీన్ పోయాక ఆయన సగం రోజు అక్కడే గడిపేవాడు.

ఊనాకి లోపల ఒక ముల్లు దిగింది. తాతకి ఇష్టం లేదేమో. ఎన్ని కబుర్లు చెప్పినా, కొవెంట్రీలో పుట్టిన పిల్ల ఆ చొక్కా వేసుకోవడం ఆయనకే ఎబ్బెట్టుగా ఉందేమో. ప్యాకీ ఎగతాళిగా అన్న మాటనే తాత నిజంగా అనుకుంటున్నాడేమో. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక మడి దగ్గరికి వెళ్ళింది. ఆయన బంగాళాదుంపలు తవ్వుతున్నాడు.

"తాతా, నేను మీ వాళ్ళ తరఫున ఆడడం నీకిష్టం లేదా?"

పార మట్టిలో దిగి ఆగింది.

"ఏం మాటే అది?"

"ఇష్టం లేకపోతే చెప్పు. నేను చాలనా? నేను... ప్లాస్టిక్కా? ఉత్తుత్తి ఐరిష్ పిల్లనా?"

ఆయన పార మట్టిలోనే వదిలేశాడు. తర్వాత తిరగేసి ఉన్న బకెట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వు చాలకపోవడమేమిటే పిచ్చిదానా. నేను చాలను. మీ అమ్మ నాకు పుట్టలేదు."

రైలు ఒకటి వెళ్ళింది. 

"నేను డోరీన్‌ని డాన్సు హాల్లో చూసేటప్పటికే బెర్నీ కడుపులో ఉంది. తెలిసే చేసుకున్నా. పిల్ల పుట్టినరోజే వెళ్ళి నా పేరు రాయించా. డోరీన్ నన్ను జీవితంలో అడిగింది ఒకటే. ఈ మాట మన నోటినుంచి బయటికి రాకూడదని. పోయేముందు కూడా చెయ్యి పట్టుకుని అదే అడిగింది."

"అమ్మకి?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"మరి నాకెందుకు చెప్పావు తాతా?" అంది ఊనా. 

"నన్ను తప్పుగా అనుకున్నావుగా. అది మాత్రం ఓర్చుకోలేకపోయా. అంతకన్నా ఏం లేదు." ఆయన మట్టి చేతుల వంక చూసుకున్నాడు. "కాగితాల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవడూ పట్టుకోలేడు. నువ్వు పంపమంటే ఈ సాయంత్రమే పంపుతా. సొంత మనవరాలే అని ప్రమాణం చెయ్యమన్నా చేస్తా. నువ్వు చెప్పు."

 ఊనా దుంపలు ఏరి, వాటిని బకెట్టులో వెయ్యడానికి ఆయన లేచేదాకా చేతుల్లో పట్టుకుని నిలబడింది.

ఇంటికి నడుస్తుంటే రకరకాలుగా అనిపించింది. పంపమంటే ఏం పోయింది? ఎవరికి నష్టం? కానీ వరసలో నిలబడి పాడుతున్నట్టు ఊహించుకోబోతే ఈసారి చొక్కా ఒంటిమీద నిలవలేదు. ఎవరిదో తీగ మీద ఆరేసింది దొంగతనంగా తెచ్చుకున్నట్టుంది. పైగా తాత చేత అబద్ధపు ప్రమాణం. దేవుడి పేరెత్తితే టోపీ తీసే మనిషి చేత. పంపొద్దంటే మాత్రం ఏం చెప్పాలి అమ్మకి? ఆ ప్రశ్న దగ్గరికొచ్చి బుర్ర ఆగిపోయేది.

ఆదివారం భోజనాల దగ్గర బెర్నీ మాంసం వడ్డిస్తూ మళ్ళీ ఆ మాటే ఎత్తింది.

"గ్రెటా ఫోన్ చేసింది. రేపటికల్లా కావాలట. నాన్నా, నువ్వు తియ్యకపోతే నీ గది మొత్తం నేనే తిరగేస్తా. తర్వాత నన్ననకు."

"వద్దమ్మా," అంది ఊనా.

"ఏంటి వద్దు?"

"నేను వెళ్ళను. నాకు... ఇంగ్లండుకి ఆడాలనుంది. వాళ్ళు పిలిచేదాకా ఆగుతా."

బెర్నీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఇంగ్లండు నిన్ను పిలుస్తుందా? ఎప్పుడు, మన గేటు ముందు రాజుగారు కారాపి దిగినప్పుడా?"

"పిలవకపోతే మానేస్తా."

"అదేం కొవ్వే నీకు! నిన్ను ఎత్తుకుని సందులో తిప్పిందెవరు? వానలో, మంచులో, మోకాళ్ళు అరిగిపోయినా నీ వెనకాల బంతి కోసం పరిగెత్తిందెవరు? ఆయన మొహం మీదే చెబుతున్నావా ఈ మాట? నీ కాళ్ళలో ఉన్న ఆట ఎవరిదనుకున్నావు? ఆయన రక్తం తాగి పుట్టి ఆయన మీదే ఉమ్మేస్తావా!"

ఊనా కంచంలోకి చూస్తూ కూర్చుంది. కన్నీళ్ళు పడితే అమ్మ ఇంకా అరుస్తుందని బిగబట్టింది. ఇంకాసేపు ఓర్చుకుంటే చాలు, అమ్మ అలిసిపోతుంది, అంతా అయిపోతుంది అనుకుంది.

"ఆపవే బెర్నీ," అన్నాడు డొమినిక్.

"నువ్వు వెనకేసుకురాకు నాన్నా! నీ గారాబమే ఇంతకి తెచ్చింది."

"ఆపమన్నానా! పిల్ల నాకోసం అబద్ధమాడుతోంది. దానిలో నా రక్తం లేదు. నీలోనూ లేదు."

ఊనా కళ్ళు మూసుకుంది. తాత చెప్పడం మొదలుపెట్టాడు. మడి దగ్గర చెప్పినట్టే, అవే మాటలు. డాన్సు హాలు, డోరీన్, రాయించిన పేరు. 

బెర్నీ చివరిదాకా నిలబడే విన్నది. తర్వాత గరిటె గిన్నెలో పెట్టింది, చప్పుడు కాకుండా.

"ఎవరు?"

"అడగలేదు."

"ఒక్కసారి కూడానా?"

"అడిగితే ఒక పేరు వస్తుంది. ఆ పేరు వచ్చి మన ఇంట్లో కూర్చుంటుంది. నాకక్కర్లేదనిపించింది."

"నీకు అక్కర్లేదు," అంది బెర్నీ మెల్లగా. "నన్నెవరు అడిగారు?"

 ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి, గిన్నె చప్పుడు ఒక్కటీ లేదు. ఊనా లేవబోతే తాత వద్దని చెయ్యి ఊపాడు. మాంసం చల్లారి, దాని మీద కొవ్వు తెల్లగా గడ్డకట్టింది.

చాలాసేపటికి బెర్నీ ఫోను పట్టుకుని వచ్చింది. మొహం కడుక్కుంది గాని ఏడ్చిన కళ్ళు దాగలేదు. అక్కడే నిలబడి గ్రెటాకి చేసింది. "ఊనా రాదండీ. లేదు, ఇంకేం లేదు. పిల్ల మనసు మార్చుకుంది. మీకు శ్రమ ఇచ్చాం."  అబద్ధం ఆడింది తనే అయినా, అది అమ్మ నోట అంత తేలిగ్గా వస్తుందని ఊనా అనుకోలేదు.

"క్లబ్బులో అడిగితే నిజమే చెబుతా," అన్నాడు డొమినిక్. "ఇంక దాచను."

"చెప్పవు," అంది బెర్నీ. "ఈ వయసులో నేనెవరి కూతుర్నో ప్యాకీ టాన్సీ బార్‌లో నిలబడి పందెం కాయడానికా? ఊనా ఏం చెప్పిందో అదే చెప్పు."

"పిల్ల మీద వెయ్యనా?"

"అదే వేసుకుందిగా."

ఇద్దరూ ఊనా వైపు చూశారు. ఊనా తలూపింది. వేరే ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

తర్వాతి ఆదివారం ముగ్గురూ పూజకి వెళ్ళారు, అక్కణ్ణించి క్లబ్బుకి. వెళ్ళకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. బెర్నీ తండ్రికీ తనకీ మధ్య కుర్చీలో కోటు పెట్టింది. ఎప్పుడూ అలా పెట్టేది కాదు. ఊనా ఇంగ్లండుకే ఆడతానందన్న విషయం అప్పటికే అందరికీ తెలుసు. పలకరింపులు పొడిపొడిగా ఉన్నాయి. కొందరు డొమినిక్ భుజం నొక్కి వెళ్ళారు, ఇంట్లో చావు జరిగినవాణ్ణి నొక్కినట్టు.

ప్యాకీ గ్లాసులు తెచ్చి పెట్టాడు. ఊనాది చివర పెట్టాడు.

"రాజుగారి ఆడపడుచుకి నిమ్మకాయ సోడా. ఇక్కడి గ్లాసులో తాగుతారో, బంగారు కప్పు తెప్పించమంటారో?"

పక్క బల్ల మీద నవ్వారు. డొమినిక్ చెయ్యి బల్ల మీద పిడికిలి అయింది. కుర్చీ వెనక్కి జరిగింది.

"ఒరేయ్ ప్యాకీ, ఆ పిల్లనేమైనా అన్నావంటే... అసలు సంగతేంటో తెలుసురా నీకు? దానికి..."

బెర్నీ మొహం పాలిపోయింది.

"నిజమేగా మామా!" అంది ఊనా. ఆ క్లబ్బులో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. తనకే కొత్తగా వినిపించింది. "మీ జట్టులో చేరితే బంతి నా దగ్గరికి వచ్చేసరికి నేను ముసలిదాన్నైపోతాను. గెలవాలనుంది నాకు. అంతే."

 ఎవరో "ఛీ" అన్నారు. వెనక ఒకావిడ "అంత ప్రేమగా పెంచితే ఇదా ఫలితం" అని, వినపడాలనే అంది. ప్యాకీ ఎగతాళి మానేశాడు. ఖాళీ ట్రే తీసుకుని ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. అదే ఎక్కువ బాధగా ఉంది.

డొమినిక్ నిలబడే ఉన్నాడు.

"కూర్చో తాతా," అంది ఊనా.

ఆయన కూర్చున్నాడు. బెర్నీ ఇద్దరి వైపూ చూడకుండా గ్లాసు మీది నీటి చుక్కలు వేలితో తుడుస్తోంది. లేచి బయటికి వెళ్ళి గోడ వెనక ఏడవాలని ఉంది ఊనాకి. కానీ ఇప్పుడు లేస్తే సిగ్గుపడి పోయిందనుకుంటారు, తాత మళ్ళీ నోరు తెరుస్తాడు. అందుకని సోడా కొంచెం కొంచెం తాగుతూ, గట్టిగా నవ్విన వాళ్ళ వంక సూటిగా చూస్తూ, అందరూ వెళ్ళేదాకా అక్కడే కూర్చుంది.