కరువు రాయని వ్యాసం

కమలాపురం మిషను బడి వసారాలో పొద్దున్నే ఏడుగురు ఆడపిల్లలు ఊగుతూ వల్లె వేస్తుంటే, దారిన పోయేవాళ్ళు బైబిలు వచనాలనుకొని ముచ్చటపడేవారు. అవి వచనాలు కావు. శాంతయ్య పంతులు తన చదువునాటి నోటుబుక్కులోంచి రాయించిన ఇంగ్లీషు జంటమాటలు. ఏ మాట పక్కన ఏ మాట పొసుగుతుందో, వ్యాసం ఎట్లా ఎత్తుకోవాలో, ఎట్లా ముగించాలో అన్నీ అందులో ఉండేవి. ఎత్తుకోవడం "ఇట్ ఈజ్ వెల్ నోన్" అనే ఎత్తుకోవాలి. వ్యవసాయం అంటే చాలు, "అబండెంట్ రెయిన్‌ఫాల్" పడి తీరాలి. పంతులు మంచివాడే, పాపం. తనకు నేర్పినట్టే తానూ నేర్పాడు. మన చదువులన్నీ ఇట్లాగే కదా నడుస్తున్నాయి!

ఆ ఏడుగురిలో విశ్వాసమ్మ ఒకతె. ఆమె తల్లి వరమ్మ సర్కారువారి కరువు పనిలో కంకర కొడుతుంది. కూతురు కడపలో ట్రెయినింగు బడి ప్రవేశ పరీక్ష గట్టెక్కితే ఎప్పటికైనా టీచరమ్మ అవుతుంది, లేకుంటే తల్లి పక్కనే సుత్తి పట్టుకోవాలి. మూడో దారి లేదు.

పరీక్ష రాసిన పదో రోజున ఏడుగురికీ కబురొచ్చింది. కడపకు వచ్చి ప్రిన్సిపాలమ్మ ఎదుట సంజాయిషీ చెప్పుకోవాలట. ఏడుగురి వ్యాసాలూ పొల్లుపోకుండా ఒక్కటేనట. కాపీ కొట్టినట్టు తేలితే ఇక ఏ బడిలోనూ చేర్చుకోరట. విశ్వాసమ్మ తల్లికి సంగతి చెప్పకుండానే మిగతావాళ్ళతో కలిసి రైలెక్కింది. రైల్లో కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకోబోతే అందులోనూ నోటుబుక్కు మాటలే దొర్లాయి. దాంతో ఆ పిల్ల మరింత హడలిపోయింది.

కడప ట్రెయినింగు బడిలో ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. ముందు వెళ్ళిన ఏసుమణి ఏడ్చుకుంటూ బయటికి వచ్చి, గోడవైపు తిరిగి కూర్చుంది. తర్వాత విశ్వాసమ్మ పేరు పిలిచారు.

ప్రిన్సిపాలు ప్రేమమ్మగారు కోప్పడలేదు. అందుకు విశ్వాసమ్మకు మరీ భయం వేసింది. వ్యాసం చేతికిచ్చి, పైకి చదివి తెలుగులో అర్థం చెప్పమన్నారు. 'మా జిల్లాలో వ్యవసాయం' అన్నది విషయం. సమృద్ధిగా కురిసే వానలనీ, పచ్చని పైర్లనీ, సంతోషంగా ఉన్న రైతులనీ విశ్వాసమ్మ అప్పజెప్పింది.

"మీ ఊర్లో వానలు బాగ పడినాయా?" అని అడిగారు ప్రేమమ్మగారు.

"ల్యాదమ్మగారూ. మూడేండ్లాయ. మాయమ్మ కరువు పనికి పోతాండాది."

"మరి ఇట్లెందుకు రాస్తివి?"

విశ్వాసమ్మ చేతిలోని వ్యాసం వంక చూసింది. అబద్ధమాడితే పాపం, నిజం చెబితే ఏమవుతుందో.

"ఇంగ్లీషులో ఇట్లనే రాయల్ల అనుకొంటి," అంది చివరికి. "మా కరువు ఇంగ్లీషులో రాసేది కాదేమో అనుకొంటినమ్మగారూ."

ప్రేమమ్మగారు పుట్టిందీ అట్లాంటి కరువు పల్లెలోనే, ముద్దనూరు దగ్గర. తెల్లకాగితం, కలం ముందుపెట్టి, గంటలో మళ్ళీ రాయమన్నారు.

పావుగంట దాకా ఒక్క అక్షరమూ పడలేదు. అలవాటుగా "ఇట్ ఈజ్ వెల్ నోన్" అని, అంటే అందరికీ తెలిసిందేనని రాసి, కొట్టేసింది. ఎవరికి తెలుసని? తెలిస్తే ఇన్నాళ్ళకు ఒక్కరైనా వచ్చి చూసి పోకుండా ఉంటారా? ఆ కోపంతో భయం కాస్త పక్కకు జరిగింది. అమ్మ చేతుల దగ్గర మొదలుపెట్టింది. బొబ్బలను ఇంగ్లీషులో ఏమంటారో తెలియక, తోలు కింద నీళ్ళు అని రాసింది. వానల దగ్గరికి వచ్చేసరికి నోటుబుక్కులో ఓ మూలనున్న "ది రెయిన్స్ ఫెయిల్డ్" గుర్తొచ్చింది, వానలు రాకుండా పోయాయని. ఎన్నిసార్లు వల్లించిందో ఆ మాట! అర్థం తెలిసి రాయడం ఇదే మొదలు.

ప్రేమమ్మగారు రెండుసార్లు చదివారు. పదకొండు తప్పులున్నాయన్నారు. సీటు ఇస్తున్నానన్నారు. మిగతా ఆరుగురిచేతా ఇట్లాగే మళ్ళీ రాయిస్తానన్నారు. విశ్వాసమ్మ అక్కడే గచ్చు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆమె దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి వేసి, ప్రేమమ్మగారు నెమ్మదిగా చెప్పారు:

"జంటమాటలు బాగా నేర్చుకో బిడ్డా, అవి లేకుంటే నీ ఇంగ్లీషు ఎవురికీ అర్థం కాదు. రేపు నీ బడి పిల్లోళ్ళకు కూడా నేర్పు. మాటలు ఇంగ్లీషోళ్ళవి తీసుకో, సంగతి మాత్రం నీది రాయి. నువ్వు రాయకపోతే, మీ అమ్మ కంకర కొట్టిన సంగతి ఈ లోకంలో ఏ కాగితం మీదా ఉండదు."