రెండో జడ

ఆ రోజు అమ్మ నిజంగానే తనని వదిలేసి వెళ్లిందా, లేక అది తను కన్న కలా? ఈ అనుమానం పెద్దకూతుర్ని నలభై రెండేళ్లుగా తొలుస్తూనే ఉంది. దేవుణ్ణి చాలాసార్లు అడిగింది. అమ్మని మాత్రం అడగలేకపోయింది.

ఇప్పుడామె నేలమీద కూర్చుని అమ్మ కాలిగోళ్లు తీస్తోంది. అమ్మేమో ఫోన్లో చిన్నకూతురితో, "మీ నాన్న పెట్టిన బాధలు నీకేం తెలుసే!" అంటోంది. తెల్లారి లేచి దుప్పట్లు ఉతికి, మాత్రలు మింగించి, పరుగున ఆఫీసుకెళ్లి ఆలస్యమైనందుకు మాటలు పడేది తను. అమ్మ గోడు వినే భాగ్యం మాత్రం చెల్లెలిది. అమ్మ నగలు పంచినప్పుడు కూడా తను ఇంతగా కుళ్లుకోలేదు. "మీ అమ్మకి కూతురంటే మీ చెల్లెలే. నువ్వు జీతం లేని ఆయావి," అని నవ్విన మొగుడు, ఆ నోటితోనే టీ అడిగాడు.

అమ్మ ఫోన్ పెట్టేసింది.

"అన్నీ దానికే చెప్తావు. నేనేం పరాయిదాన్నా?"

"దానికి తెలీదు కాబట్టి చెప్తాను. నువ్వన్నీ చూశావుగా."

"చెల్లిని చంకనేసుకుని వెళ్లిపోయావు. అదీ చూశాను. కలేమో అనుకుంటున్నాను, ఇన్నేళ్లూ."

అమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

"కల కాదే. నీకు తల దువ్వుతున్నాను. కుడివైపు ఒక జడ అయింది. మీ నాన్న విసిరిన పళ్లెం వచ్చి నా వీపుకి తగిలింది. లేచి వెళ్లిపోయాను."

"మరి నన్నెందుకు తీసుకెళ్లలేదు?" ఆ గొంతుకి ఏడేళ్లు.

"అది పాలు తాగే పిల్ల. నువ్వుంటే ఆయనకి అన్నం వండే మనిషి ఉంటుంది, నాకోసం వెతకడు అనుకున్నాను. నా బదులు నిన్ను పెట్టి పోయాను తల్లీ. బస్టాండులో నీ రెండో జడ గుర్తొచ్చి వెనక్కొచ్చాను. అప్పటికే నువ్వు ఆ ఒక్క జడతోనే పొయ్యి దగ్గరున్నావు. ఆ జుట్టు మళ్లీ ముట్టుకోడానికి నాకు మొహం చెల్లలేదు."

"చెల్లికి తెలుసా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పెద్దకూతురి కళ్లు నిండాయి. ఆ కన్నీళ్ల కింద, సిగ్గులేని సంతోషం ఒకటి తల ఎత్తింది. ఈ కష్టం తన ఒక్కదానిదే. చెల్లెలికి వాటా లేదు.

"టీ ఏమైంది?" హాల్లోంచి మొగుడి కేక.

ఆమె లేవలేదు.

"ఇలా తిరుగు," అంది అమ్మ. కూతురి నెరిసిన జుట్టుకి మధ్యలో పాపిడి తీసింది. కుడివైపు వదిలేసింది. ఎడమవైపు మూడు పాయలు తీసి, చివరిదాకా అల్లింది.