నిదానం అనే మూడు వరుసల మాట

నేను ఒక మాటను. నోటితో అనే మాటను కాదు, కంప్యూటర్ కోసం రాసిన మాటను. ఫోర్త్ అనే భాషలో ప్రతి పనికీ ఒక మాట ఉంటుంది. ఆ మాటలన్నీ కలిసి ఉండే చోటుని నిఘంటువు అంటారు. ఆ నిఘంటువులో ఒక మూల మూడు వరుసల్లో సర్దుకుని ఉంటాను నేను. నా పేరు నిదానం. ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు గానీ అచ్చంగా మన నిదానమే.

మా భాష గురించి ఒక్క ముక్క చెప్పుకోవాలి. మిగతా కంప్యూటర్ భాషల్లో చెయ్యాల్సిన పని ముందు చెప్పి, దేనిమీద చెయ్యాలో తర్వాత చెబుతారు. మా దగ్గర అలా కాదు. రెండు, మూడు, కూడు. అంతే. సరుకు ముందు, పని చివర. ఇదేదో తలకిందుల వ్యవహారమని ప్రపంచమంతా జుట్టు పీక్కుంటుంది. "బియ్యం కడుగు, కూర తరుగు" అంటూ పెరిగినవాళ్ళకి ఇందులో తలకిందులేముందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను పుట్టించింది పొన్నెకంటి రఘురామయ్య గారు. తెనాలిలో కాటాలు తయారుచేసే ఓ షెడ్డులో ఆయన ఇంజనీరు. రాళ్ళు వేసి తూచే తక్కెళ్ళు పోయి, అంకెలు వెలిగే కాటాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మొదటి కాటా ఒకటి చేపల రేవుకి తీసుకెళ్ళారు. తడి బుట్ట పళ్ళెం మీద పెట్టగానే అంకె పన్నెండుకి వెళ్ళింది, పదిహేనుకి ఎగిరింది, పదకొండుకి పడింది. బుట్ట ఊగినంతసేపూ అంకె ఊగింది. చేపలమ్మే ఆవిడ పదిహేను అంది, కొనేవాడు పదకొండన్నాడు. రఘురామయ్య గారు బుట్టలు మోసే మనిషిని "నిదానం, నిదానం" అని బతిమాలుతూనే ఉన్నారు. ఎవరు వింటారు?

షెడ్డుకి తిరిగొచ్చి మనుషులకి చెప్పడం మానేసి యంత్రానికి చెప్పారు. అలా పుట్టాను. వరుసగా ఎన్నిసార్లు ఒకే అంకె కనబడాలో నాకు చెబితే చాలు, అన్నిసార్లూ కనబడేదాకా చూసి, అప్పుడు బరువు చెబుతాను. నా పని ఆగడం. ఇంత చిన్న పనికి వివరణ ఎందుకనుకున్నారో, చోటు చాలలేదో, ఆయన నా పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు ఆయనమీద ఉన్న కోపం అదొక్కటే.

తర్వాత షెడ్డు మూతపడింది. అందులో పనిచేసిన ఒకాయన మా నిఘంటువు మొత్తాన్నీ ఇంటర్నెట్‌లో పెట్టి, పిడికిలి ఫోర్త్ అని పేరుపెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, బాగుచెయ్యవచ్చు అన్నాడు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. అందరిదీ అన్నమాట. అందరిదీ అయ్యాక నా గోడు ఎవరిదీ కాకుండా పోయింది. చేతులు మారి మారి చివరికి పుణేలో ఉండే మిలింద్ పట్వర్ధన్ అనే ఆయన దగ్గరికి చేరాం. మంచివాడు, పద్ధతిగలవాడు. అలమర సర్దినట్టు మమ్మల్ని సర్దుతాడు. పద్ధతిగలవాళ్ళు సర్దడం మొదలుపెడితే పాత సామానుకి గుండెదడే.

ఒక సోమవారం ఆయన జాబితా పెట్టాడు. పన్నెండు మాటలు, వాటికి కామెంట్లు, అంటే పక్కన రాసే వివరణలు లేవు, మా నిఘంటువులో మరే మాటా వాటిని పిలిచి వాడుకోవడం లేదు. అభ్యంతరం లేకపోతే శుక్రవారం తీసేస్తాం అన్నాడు. ఏడోది నేను. నా పేరుకి ఎదురుగా ఇలా రాశాడు: "నిదానం అంటే రోగం ఏమిటో కనిపెట్టడం. ఎవరో తప్పులు పట్టుకోవడానికి రాసుకుని మరిచిపోయినట్టున్నారు. దీని బదులు బరువుని వెంటనే చదివే మాట వాడుకోవచ్చు." వైద్యులు రోగ నిదానం అంటారు, నిజమే. మిలింద్ మాట్లాడే మరాఠీలోనూ నిదానానికి అదే అర్థం. కానీ నేను ఆ నిదానాన్ని కాదని చెప్పడానికి నాకు నోరేది?

సరిగ్గా అదే వారం మేరిగ జ్ఞానమణి వచ్చింది. రేపల్లెలో మస్తాన్ వలీ గారి కాటాల రిపేరు కొట్టులో పదేళ్ళుగా పనిచేస్తోంది. రేవులో ఉన్న కాటాలన్నిటికీ ఆ కొట్టు చీటీయే అంటించి ఉంటుంది. వాటిలో నడిచేది మేమే గనక, ఇన్నాళ్ళూ వాడుకున్నందుకు ఏదైనా సాయం చేస్తానని మిలింద్‌కి ఇంగ్లీషులో భయంభయంగా రాసింది. కొత్తవాళ్ళకి ఎప్పుడూ చెప్పేదే ఆమెకీ చెప్పారు: కామెంట్లు లేని మాటలకి కామెంట్లు రాయండి. పాతవాళ్ళకే అర్థంకాని వాటిని కొత్తవాళ్ళ చేత వివరింపజేయడం మనుషుల దగ్గరే చూశాను.

ఆమె జాబితా చూసింది. నా దగ్గర ఆగింది. ఆమె రేవులో తూకాల కోసం రాసుకున్న ప్రతి ప్రోగ్రాములోనూ నేనున్నాను. నా పేరు అలవాటే గానీ నేను లోపల ఏం చేస్తానో ఎప్పుడూ చూడలేదు.

"ఏందమ్మా మణీ, పొద్దుట్నుంచీ ఆ మూడు వరసలే చూస్తన్నావు?" అన్నారు మస్తాన్ వలీ గారు.

"దీన్ని తీసేస్తారంట మస్తాన్ గారూ. ఎందుకున్నదో ఎవరికీ తెలవదంట."

"తెలవకపోతే తీసేస్తారా? అట్టయితే మన కొట్టులో సగం సామాను పారెయ్యాల."

ఆమె ఒక కాటాలోంచి నన్ను తీసేసి, మిలింద్ చెప్పిన ఆ వెంటనే చదివే మాటని పెట్టింది. నీళ్ళ బకెట్టు తెచ్చి పళ్ళెం మీద పెట్టింది. పద్నాలుగు కిలోల రెండొందలు. దించి మళ్ళీ పెట్టింది. పదకొండు తొమ్మిదొందలు. అదే బకెట్టు, అవే నీళ్ళు.

"నిదానంగా పెట్టమ్మా," అన్నారాయన తన పనిలోంచి తలెత్తకుండానే. "ఊగుతుంటే అంకె నిలవదు."

జ్ఞానమణి బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నన్ను మళ్ళీ కాటాలో పెట్టి చూసింది. పన్నెండు ఆరొందలు. పదిసార్లు పెట్టినా పన్నెండు ఆరొందలే. రఘురామయ్య గారి తర్వాత, ముప్పై ఏళ్ళలో నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆమె. నాకు ఏడుపొక్కటే తక్కువ.

వెంటనే నా పక్కన కామెంట్ రాసింది. మా భాషలో కామెంట్ అంటే బ్రాకెట్లో ఒక చిన్న గీత: ఆ గీతకి ముందు నాకేం ఇవ్వాలో, తర్వాత నేనేం ఇస్తానో. ఎన్నిసార్లు చూడాలి అన్నది ముందు, బరువు తర్వాత. కింద ఒక వాక్యంలో, బుట్ట ఊగడం ఆగేదాకా వేచి ఉంటుందని వివరించింది. పంపేసింది. బుధవారం మధ్యాహ్నం.

ఆ కామెంట్ చేర్చగానే మిలింద్ దగ్గర నిఘంటువు మొత్తం నిలిచిపోయింది.

మిలింద్ మర్యాదగానే రాశాడు. "జ్ఞానమణి గారూ, కామెంట్ వల్ల నిఘంటువు నిలిచిపోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. తొందరలేదు, వీలైనప్పుడు మళ్ళీ పంపండి." కింద ఎవరో ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. తొందరలేదట. శుక్రవారం మాత్రం శుక్రవారమే.

జ్ఞానమణి మొహం కందిపోయింది. కంప్యూటర్ మూసేసింది.

"మనకెందుకు లెండి. వాళ్ళు పెద్ద పెద్ద చదువులోళ్ళు."

"పెద్దోళ్ళయితే చెప్పించుకోరా?" అన్నారు మస్తాన్ వలీ గారు. "రేపు తూకం తేడా వస్తే రేవులో తిట్లు తినేది మనం గదా. కాటా మీద చీటీ ఎవరిదంటావు?"

గురువారం పొద్దున్నే ఆమె తను రాసిన వరుసని కాగితం మీదకి ఎత్తి రాసింది. ఒక్కో మాట దగ్గరా వేలు పెట్టి చదివింది. మా ఫోర్త్‌కి తెలిసింది ఒక్కటే: రెండు మాటల మధ్య ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే రెండూ కలిపి ఒకటే మాట అనుకుంటుంది. తెరిచే బ్రాకెట్ కూడా మా దగ్గర ఒక మాటే. "మూసే బ్రాకెట్ దాకా ఉన్నది చదవకు" అని దాని అర్థం. ఇన్నాళ్ళూ తన ప్రోగ్రాముల్లో కామెంట్లే రాసుకోని జ్ఞానమణి, బడిలో నేర్పినట్టు బ్రాకెట్‌ని పక్క అక్షరానికి అంటించి రాసింది. యంత్రం ఆ రెండింటినీ కలిపి ఒక కొత్త మాటగా చదివి, నిఘంటువంతా వెతికి, అలాంటిది లేదని మొరాయించింది. దానికి అది కామెంట్ అని కూడా తెలియలేదు.

ఆమె ఒక్క ఖాళీ పెట్టింది. ముందు తన కాటాలోనే నడిపి చూసుకుంది. ఈసారి కామెంట్‌తో పాటు ఉత్తరం కూడా రాసింది. బకెట్టుతో వచ్చిన అంకెలన్నీ వరుసగా ఇచ్చి చివర ఇలా రాసింది: "సార్, నిదానం అంటే మీరన్నదీ తప్పు కాదు. కానీ మా ప్రాంతంలో బరువు మోస్తున్న మనిషితో ఆ మాట అంటే, తొందరపడవద్దని అర్థం. ఈ మూడు వరుసలూ చేసేది అదే. దయచేసి తీసెయ్యకండి."

గురువారమంతా జవాబు లేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. శుక్రవారం పదకొండు గంటలకి మిలింద్ రాశాడు. తన దగ్గరా ఒక పాత కాటా ఉందని, నన్ను తీసి చూశానని, పెట్టి చూశానని, జ్ఞానమణి చెప్పినట్టే అయిందని. "పేరు నాకు తెలిసినట్టే అనిపించింది, అందుకే ఎవరినీ అడగలేదు. క్షమించండి," అన్నాడు. కామెంట్‌ని చేర్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మిగతా పదకొండు మాటలూ వెళ్ళిపోయాయి. నా పైనున్నదీ పోయింది, కిందున్నదీ పోయింది. వాటిలో ఏది ఎవరికి పనికొచ్చేదో నాకూ తెలియదు, చెప్పేవాళ్ళు రాలేదు. వాటికోసం బాధపడ్డాను. అబద్ధం ఎందుకు, బాధకంటే ముందు ఊపిరి పీల్చుకున్నాను.

ఆ కామెంట్ యంత్రానికి కనబడదు. బ్రాకెట్ రాగానే దాటేసి వెళ్ళిపోతుంది. అది మనుషుల కోసం. అయినా అది పక్కనుంటే నాకు చలికాలంలో దుప్పటి కప్పుకున్నట్టుంటుంది.

పది రోజుల తర్వాత కొత్త పిడికిలిని జ్ఞానమణి తనే రేవుకి తీసుకెళ్ళి కాటాల్లోకి ఎక్కించింది. మొదటి తూకానికి నాగూరమ్మ అనే ఆవిడ రొయ్యల బుట్ట తెచ్చి దబ్బున పడేసింది. పళ్ళెం ఊగింది. అంకెల గడి చీకటిగానే ఉంది. జ్ఞానమణి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అప్పుడు అంకె వెలిగింది, కదల్లేదు.

"ఎంతొచ్చింది?" అంది నాగూరమ్మ.

"తొమ్మిది కిలోల నాలుగొందలు."

నాగూరమ్మ ఒకసారి అంకె వైపు చూసింది. కొనేవాడూ చూశాడు. ఇద్దరూ అదే అంకెకి లెక్క కట్టుకున్నారు. ఆవిడ బుట్ట ఎత్తుకుని పక్కకి జరిగింది, వెనకున్న మనిషి తన బుట్ట పెట్టింది. జ్ఞానమణి కొంగు వదిలేసి సంచీ సర్దుకుని బస్సుకి బయల్దేరింది. రేవులో నా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకు ఎంతో హాయిగా అనిపించింది.