చీమలు పట్టని ఫొటో

పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తగానే లింబాద్రి చేసే మొదటి పని చీమలు దులపడం. దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించడం ఆ తర్వాతే. గోడకు తగిలించిన పసిపిల్లల ఫొటోలు, గాజుబల్ల మీద పరిచిన పాస్‌పోర్ట్ సైజులు, ఇంకా కుట్టని పెళ్ళి ఆల్బం పేజీలు, అన్నిటి మీదా పెయింట్ బ్రష్ మెల్లగా తిప్పుతాడు. చీమలను ఒక అట్టముక్క మీదికి ఎక్కించి బయట మోరీ కాలువ పక్కన వదిలి వస్తాడు. ఆల్బంలు పెట్టే బీరువా నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలుంటాయి. బోధన్‌లో ఏ స్టూడియోకు పోయినా ఇదే వరస. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచినా ఆ సంగతి చీమలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఫొటోకు చీమ పట్టడం ఈ ఊళ్ళో కాచిన పాలకు మీగడ కట్టినంత మామూలు సంగతి. పెళ్ళివారు ఆల్బం తీసుకుపోయేటప్పుడు రెండుసార్లు విదిలించి సంచిలో పెట్టుకుంటారు.

అన్ని ఫొటోలకూ పట్టవు. కొన్నిటికి బారులు కడతాయి, కొన్నిటి వంక కన్నెత్తి చూడవు. ఎందుకలా అని ఊళ్ళో ఎవరూ అడగరు, అడగాలని తోచదు కూడా. ఆ ప్రశ్న పెట్టుకున్నది లింబాద్రి ఒక్కడే. అతనిది పుట్టుకతో వచ్చిన అనుమానం. పాలవాడు పాలు పోస్తుంటే పాలను వదిలి పాలవాడి మొహం చూస్తాడు. ఎవరైనా ‘బాగున్నవా’ అని పలకరిస్తే ఎందుకు పలకరించాడా అని సాయంత్రం దాకా తవ్వుతాడు. అలాంటి మనిషి పదిహేనేళ్ళు చీమలను చూసి చూసి సొంతంగా ఒక సూత్రం కనిపెట్టుకున్నాడు. మనసులో కల్మషం లేనివాళ్ళ మొహం మీదికే చీమలొస్తాయి, ఇదీ ఆ సూత్రం. చంటిపిల్లల ఫొటోలకు రాకుండా ఉండవు గదా. వీసాలు ఇప్పిస్తానని ఊరూరా తిరిగే పెద్దమనిషి ఫొటోకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు గదా. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని అతని ధీమా.

ఒక్క బాలన్న దగ్గరే ఈ సూత్రం తడబడింది. బాలన్న పేకాటలో ఆరితేరిన మోసగాడని ఫ్యాక్టరీ పక్క శక్కర్‌నగర్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఫొటో దిగడానికి వచ్చినప్పుడు వాళ్ళ మేనమామ మొక్కు కోడి కథ చెప్పి లింబాద్రిని కడుపుబ్బ నవ్వించాడు. ఆ ఫొటోకు చీమలే చీమలు. లోకమే బాలన్నను అపార్థం చేసుకుందని లింబాద్రి తీర్మానించి, అడిగిందే తడవుగా తన మోటర్‌సైకిల్ ఇచ్చేశాడు. అది ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఇవన్నీ ఊరివాళ్ళ సంగతులు. అతని మనశ్శాంతి చెడగొట్టింది ఇంటి సంగతి. పెళ్ళయి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో అతను భార్య జ్యోతిరాణిని తీసిన ఏ ఫొటోకూ చీమ రాలేదు. పండుగ పూట తీసినా రాలేదు, కొత్త చీర కట్టించి తీసినా రాలేదు. మొదట్లో ఆమే నవ్వుతూ సర్దిచెప్పేది. ఆమె పుట్టిల్లు ఏర్గట్ల, చుట్టూ పసుపు చేలు. చీమలకు అడ్డంగా పసుపు గీత గీయడం ఏ వంటింట్లోనైనా ఉన్నదే.

“పసుపు ఊరోళ్ళం. మా దిక్కు చీమలెట్ల వస్తయి?” అనేది.

ఆ మాటతో ఇంకొకరైతే తృప్తిపడేవాళ్ళు. లింబాద్రికి అది ముందే సిద్ధం చేసుకున్న జవాబులా వినిపించింది. అప్పటినుంచి గోరంత సంగతి కొండంత కావడం మొదలైంది. ఆమె ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోతే ఇతను కిటికీ దగ్గర నిలబడేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె సంచి తీసుకుని కాలువ గట్టున పోతుంటే వంద గజాల వెనక నక్కుతూ నడిచాడు. ఆమె గట్టున గంగవాయిలి కూర కోసుకుని ఇంటికొచ్చింది. అన్నం పెడుతూ, తల ఎత్తకుండానే, “నడుమ నీ చెప్పు తెగినప్పుడు నేను గూడ ఆగిన, సూసినవా?” అని అడిగింది. అతను కూర ఇంకొంచెం వేయించుకున్నాడు. అయినా బుద్ధి మారలేదు.

కిందటి వారం మాత్రం శ్రుతి మించింది. ఆమె స్నానానికి పోయినప్పుడు ఫోన్ తీసి, పేరు లేని నంబర్లన్నిటికీ వరసగా ఫోన్ చేశాడు. ఒకటి గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడిది. ఒకటి బ్లౌజులు కుట్టే ఆవిడది. మూడోది జ్యోతిరాణి అన్న రాజేందర్ భార్య సౌందర్య కొత్త నంబరు. ఇతని గొంతు వినగానే ఆమె కంగారుపడి, ఏమైందన్నా, వదినకు బాగానే ఉన్నదా అని పదేపదే అడిగింది. ఏదో నసిగి పెట్టేశాడు. సాయంత్రానికల్లా సంగతి ఏర్గట్లలో అందరికీ తెలిసిపోయింది.

జ్యోతిరాణి ఏడవలేదు, అరవలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది.

“అన్నోళ్ళకాడ పసుపు ఉడుకవెట్టుడు నడుస్తున్నది. వచ్చే గురువారం పోత. పనైపోయినంక గూడ ఆడనే ఉంట.”

ఆమె ఒట్టి మాట అనదు. ఆమె లేని ఇల్లు తలుచుకుంటే లింబాద్రికి భయం వేసింది, ఆ భయంలోనూ అనుమానం తోక ఊపుతూనే ఉంది. నిజంగా పసుపు కోసమే పోతోందా? ఇక గురువారం లోపల ఏదో ఒకటి తేలాలి. చీమలు వస్తే కాళ్ళు పట్టుకునైనా ఆపుకోవాలి. రాకపోతే వెళ్ళనివ్వాలి. అప్పుడే మరో ఆలోచన తట్టింది. ఇన్నేళ్ళూ ఆమెను తీసింది పాత జూమ్ లెన్స్‌తో, గదికి ఆ మూల నుంచి, దగ్గరికి పోకుండా. ఒకవేళ తప్పు లెన్స్‌దైతే? మంచి గాజుతో ఒక్కసారి, న్యాయంగా తీసి చూడాలి.

రెండు రోజులు ఫోన్‌లో లెన్సుల గురించి చదివాడు. జూమ్ లేని ప్రైమ్ లెన్స్ అయితే మొహం స్పష్టంగా వస్తుందని, తక్కువ వెలుతురులోనూ పని చేస్తుందని, చవక కూడా అని అందరూ ఒకటే రాస్తున్నారు. అందరూ ఒకటే రాస్తున్నారంటే కంపెనీవాళ్ళే రాయిస్తున్నారేమో అనుకున్నాడు. మంగళవారం బస్సెక్కి నిజామాబాద్‌లో ఆత్మారాం దుకాణానికి పోయాడు. ఆత్మారాం కెమెరాలు బాగుచేస్తాడు, పాత లెన్సులు అమ్ముతాడు. అరవై దాటిన మనిషి. కస్టమర్లతో తెలుగూ ఇంట్లో మరాఠీ మాట్లాడతాడు. బోధన్ ఫొటోగ్రాఫర్లందరికీ అతను కాక, బాబాయి వరస.

ఆత్మారాం బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి ముప్పై అయిదు ఎం.ఎం., ఒకటి యాభై. ఎక్కడ తీస్తావని అడిగాడు. ఇంట్లోనే, ఒక్క మనిషిని, అన్నాడు లింబాద్రి.

“అయితే గీ యాభై తీస్కో తమ్మీ. ముప్పై అయిదుల రూమంత వస్తది గని, దగ్గరికి పోతే ముక్కు పెద్దగైతది. మొఖానికి యాభైనే మంచిగుంటది. అగ్గువ గూడ.”

లింబాద్రి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ముప్పై అయిదు ధర యాభైకి దాదాపు రెండింతలు. దుకాణదారుడెవడైనా ఖరీదైనది అంటగట్టాలని చూస్తాడు, ఈయన చవకది తీసుకోమంటున్నాడు. ఏదో మతలబు ఉంది. లెన్స్ ఎవరిదని అడిగితే గల్ఫ్ పోయినవాడిదన్నాడు ఆత్మారాం. ఎందుకు పోయిండని లింబాద్రి గుచ్చి అడిగాడు. గల్ఫ్‌కు ఎందుకు పోతరు తమ్మీ అని ముసలాయన స్క్రూడ్రైవర్ పనిలో పడ్డాడు.

లింబాద్రి ఫోన్ టార్చి వేసి గాజులోకి ఒక కన్ను మూసి చూశాడు. ఫంగస్ బూజు లేదు. గీత లేదు. వెలుతురును అదుపుచేసే లోపలి రేకులు నూనె అంటకుండా టకటకా తెరుచుకుంటున్నాయి. ఫోకస్ రింగు ఇసుక రాపిడి లేకుండా తిరుగుతోంది. ఎంత వెతికినా లోపం దొరకకపోయేసరికి అతని బెదురు ఇంకా ఎక్కువైంది. అతని అవస్థ చూసి ఆత్మారాం, ఎనిమిది రోజులు వాడుకో, నచ్చకుంటే వాపస్ తెచ్చియ్యి అన్నాడు. ఈ రోజుల్లో అంత భరోసా ఎవరిస్తారు? లింబాద్రి లెన్స్ మీది నంబరు కాగితం మీద రాసుకున్నాడు. అదే లెన్స్‌తో ఆత్మారాంను కూడా ఒక ఫొటో తీసుకున్నాడు, చీమల దగ్గర నిజం తేల్చుకుందామని.

“ఒక్కటి యాదుంచుకో,” అన్నాడు ఆత్మారాం లెన్స్ గుడ్డలో చుట్టి ఇస్తూ. “దీంతోని దూరంకెల్లి గుంజుడు నడువది. మనిషి దగ్గర కావాలంటే నువ్వే నడుసుకుంట పోవాలె.”

బుధవారం పొద్దున ముందు లెన్స్‌నే పరీక్ష పెట్టాడు. పక్కింటి పసిపాపను తీసి ప్రింటు తీశాడు. నిమిషాల్లో చీమలొచ్చాయి. గాజులో దోషం లేదన్నమాట. ఆత్మారాం ఫొటోకు ఒక్కటీ రాలేదు. నేననుకోలేదా అని తల ఊపుకున్నాడు. ఇక మిగిలింది జ్యోతిరాణి.

మధ్యాహ్నం ఆమెను పెరటి తలుపు పక్కన, వెలుతురు పడే చోట కూర్చోమన్నాడు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. ఈ చివరి ముచ్చట కూడా తీర్చి పోదామన్నట్టు కూర్చుంది. అతను అలవాటు కొద్దీ వెనక్కి పోయి గోడకు ఆనుకున్నాడు. మనిషి చిన్నగా, ఎక్కడో ఉన్నట్టు కనిపించింది. ఒక్కో అడుగే ముందుకు వేస్తూ పోయాడు. ఆమె కళ్ళ కింద నీడలు, చెంప మీద పాత మచ్చ, పెదవి చివర పగులు అన్నీ తేటగా కనిపించాయి. అయినా అతను చూసింది ఆ కళ్ళ వెనక ఏం దాచిందనే. ఏదో ఒకటి దొరుకుతుందని రెప్ప వేయకుండా వెతికి, నొక్కాడు.

ప్రింటు తీసి వంటింటి గూట్లో నిలబెట్టాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. గంట గడిచింది. కింద నేల మీద చీమల బారు ఒకటి చక్కెర డబ్బా వైపు పోతోంది. అందులో ఒక్కటీ దారి తప్పలేదు.

“దేని కోసం సూస్తున్నవ్?” అని అడిగింది జ్యోతిరాణి.

ఏడేళ్ళలో మొదటిసారి అతను దాచకుండా చెప్పాడు. సూత్రమంతా చెప్పాడు. పసిపిల్లల సంగతీ, వీసాల పెద్దమనిషి సంగతీ, చివరికి ఆమె ఫొటోల సంగతీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయాడు. ఆమె అంతా వింది. తర్వాత చెయ్యి చాచింది.

“కెమెరా గిటియ్యి. నేనొకటి తీస్త.”

ఆమె ఎప్పుడూ కెమెరా పట్టలేదు. జూమ్ కోసం రింగు అటూ ఇటూ తిప్పి చూసింది. లేదని తెలిసి తనే నడిచింది. నడిచి నడిచి అతని మొహం దాకా వచ్చింది. అంత దగ్గర ఫోకస్ కుదరక లెన్స్ లోపల గిరగిరా తిరిగింది. ఆమె ఒకడుగు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు చూసింది. ఏడేళ్ళుగా తన వెనక నక్కుతూ తిరిగిన మనిషిని అట్లా చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏం చూస్తోందో తెలియక లింబాద్రికి చెమటలు పట్టాయి. అప్పుడు నొక్కింది.

ఫొటో అంత బాగా రాలేదు. ఫోకస్ చెవి మీద పడి ముక్కు మసకబారింది. దాన్ని కూడా అతనితోనే ప్రింటు తీయించి, తన ఫొటో పక్కనే గూట్లో పెట్టింది. పొయ్యి మీద చాయ్ పెట్టింది.

చాయ్ ఇంకా పొంగనే లేదు, చక్కెర డబ్బా వైపు పోతున్న బారు ఆగింది. ముందున్న చీమ వెనక్కి తిరిగింది. గోడ ఎక్కి, గూటి అంచు దాటి, ఒక్కొక్కటే లింబాద్రి నుదుటి మీదికి, మసకబారిన ముక్కు మీదికి, పెదాల మీదికి చేరాయి. చూస్తుండగానే మొహం కనపడనంతగా కమ్మేశాయి.

తన మనసులో ఏముందో లింబాద్రికి తెలుసు. కిటికీ చాటున నిలబడ్డది తనే, ఫోన్ దొంగతనంగా తీసింది తనే. కల్మషం లేని మొహానికే చీమలొస్తాయంటే ఇక్కడికి ఒక్కటి కూడా రాకూడదు. బాలన్న గుర్తొచ్చాడు. ఆ రోజు తను ఎంత నవ్వాడో, ఎంత ఇష్టంగా నొక్కాడో గుర్తొచ్చింది. చీమలు ఎదుటి మొహాన్ని చూసి రావడం లేదు. తీసిన కంటిని బట్టి వస్తున్నాయి. ఏడేళ్ళూ ఆమె మీద తీర్పు చెప్పాననుకున్న ఫొటోలన్నీ తన కంటి మీది తీర్పులే. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

“నీకు ఎర్కనా గిది?” అని అడిగాడు.

“అందరికి ఎర్కనే. నీకెవలు జెప్తరు?” అంది జ్యోతిరాణి. “పసుపు ఊరోళ్ళమని ఉత్తగనే అన్నననుకున్నవా? నలుగురు నీ గురించి తప్పుగ అనుకోవద్దని గట్లన్న.”

ఆమె గూటి దగ్గరికి పోయి ఆ చీమలను చూసింది. ఆమె మొహంలో సంతోషం కన్నా విసుగే ఎక్కువ కనిపించింది. ఈసారి రాకపోతే పోవడం తేలికయ్యేది కాబోలు.

“గింత జరిగినంక గూడ వచ్చినయి సూడు,” అంది. “సిగ్గు లేదు వీటికి.”

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. లింబాద్రే లేచి స్టవ్ ఆపాడు. మళ్ళీ తీస్తానని అతను అనలేదు, కెమెరా వంక చెయ్యి చాచలేదు. ఉండిపొమ్మని బతిమాలడానికి నోరు రాలేదు.

గురువారం ఆమె ప్రయాణం ఆగలేదు. అతనే సంచి మోసుకుని బస్టాండు దాకా వచ్చాడు. ఏర్గట్ల దారిలో పోయే ఆర్మూర్ బస్సు అప్పటికే సగం నిండింది. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి ఆమె వెనక్కి తిరిగింది.

“ఉడుకవెట్టుడు అయినంక ఫోన్ జేస్త. వచ్చి తీస్కపో. నేను జెయ్యకముందుకే నువ్వు జెయ్యకు.”

లింబాద్రి సరేనన్నాడు. సంచి అందించాడు. ఆమె లోపలికి పోయింది. ఏ సీటులో కూర్చుందో, పక్కన ఎవరున్నారో కిటికీలోంచి ఇట్టే కనిపిస్తుంది. మెడ దానంతట అదే అటు తిరగబోయింది. లింబాద్రి దాన్ని పట్టి ఆపుకుని, బస్సు కదలకముందే ఇంటి దారి పట్టాడు.